గుప్పెట్లో బోల్టు

ఆ డిపోలో బస్సులు కడిగే ఆవిడకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండేది. జీతాల రోజున తప్ప అది ఎవరికీ గుర్తొచ్చేది కాదు. అందరికీ ఆమె సన్నక్క. మనిషేం సన్నం కాదు, చేతులు సన్నం. ఎవరో చిన్నపిల్ల చేతులు తెచ్చి పెద్దమనిషికి తగిలించినట్టు ఉండేవి.

డీజిల్ ఇంజను మీద పనిచేసేవాడి చేతిలోంచి బోల్టు జారడం రోజూ ఉన్నదే. జారిన బోల్టు మర్యాదగా నేల మీద పడితే దాని సొమ్మేం పోయింది? పడదు. మనిషి చెయ్యి ఎక్కడ పట్టదో వెతుక్కుని మరీ అక్కడ దూరుతుంది. అప్పుడు మెకానిక్కు దాన్ని నాలుగు తిట్టి, బస్సు కిందనుంచి తల బయటపెట్టి, "సన్నక్కా" అని కేకేసేవాడు. ఆమె నీళ్ల గొట్టం కట్టేసి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చేది. "బ్యాటరీ వైరు తీశావా నాయనా?" అని ఒక్కటే అడిగేది. తీశానంటే కళ్లు మూసుకుని, చెయ్యి లోపలికి పోనిచ్చి, రెండు వేళ్ల కొసలతో బోల్టు పట్టుకొచ్చేది.

"నువ్వు లేకపోతే మా బతుకు బస్టాండే అక్కా" అనేవాళ్లు.

ఆ కేక కోసమే ఆమె పొద్దున్నే లేచేదంటే తప్పు కాదు. ఇంట్లో ఆమెని పిలవాల్సిన అవసరం ఎవరికీ లేదు. తను పెళ్లి మాట ఎత్తకుండా పెంచి పెద్దచేసిన తమ్ముడి ఇల్లే అది. తమ్ముడు మంచివాడే. మరదలూ మంచిదే. ఆమె వెళ్లేసరికి వాళ్ల భోజనాలు అయిపోయేవి. వంటగట్టు మీద మూతపెట్టిన కంచం ఉండేది. లోపలి గదిలో టీవీ మాట్లాడుతూ ఉండేది. ఆమె తిని, కంచం కడిగి బోర్లించి, వెళ్లి పడుకునేది. ఆ ఇంట్లో ఆమెని ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కాదు. మంచి మాటా అనేవారు కాదు. అదే ఆమె దిగులు.

ఇలా ఉండగా, పై ఆఫీసువాళ్లు డిపోకి ఒక కడ్డీ పంపారు. ఎటు వంచితే అటు వంగుతుంది. కొసన అయస్కాంతం, పక్కనే బుల్లి లైటు. దించితే చాలు, బోల్టు టక్కున అతుక్కుని వచ్చేస్తుంది. మెకానిక్కులు దానికి 'కొత్త సన్నక్క' అని పేరు పెట్టి పడీపడీ నవ్వారు. ఆమె ఎదురుగానే నవ్వారు కాబట్టి ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది?

ఇక కేకలు ఆగిపోయాయి. ఎక్కడైనా ఇనుము జారిన చప్పుడైతే గొట్టం కట్టేసి చెవి ఒగ్గేది. కాసేపు చూసి మళ్లీ నీళ్లు వదిలేది. ఈలోగా చన్నీళ్లలో నాని నాని వేళ్ల కణుపులు వాచాయి. ఆ వేళ్లతో ఎవరికి పని గనక, ఆమె కూడా పట్టించుకోలేదు.

ఒక మధ్యాహ్నం మెకానిక్కుల మేస్త్రీ గొంతు వినిపించింది. "సన్నక్కా, ఒకసారి రా."

సాయంత్రం ట్రిప్పుకి వెళ్లాల్సిన బస్సు అది. ఇంజను వెనక ఒక పెద్ద పళ్ల చక్రం ఉంటుంది, దాని పెట్టెకి పక్కన ఇరుకైన కిటికీ. ఆ కిటికీ మూత బిగిస్తుంటే మేస్త్రీ చేతిలోంచి బోల్టు లోపలికి జారింది. అలాగే స్టార్ట్ చేస్తే చక్రం పళ్లు రాలతాయి. కడ్డీ దించారు. లైటు వెలుగులో బోల్టు కనిపిస్తూనే ఉంది గానీ అతుక్కోదు. అసలుది పోయినప్పుడు ఎవరో మహానుభావుడు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు బిగించాడు. దాన్ని అయస్కాంతం పట్టదు. గేర్‌బాక్సు దించితే దొరుకుతుంది, కానీ ఇవాళ్టికి బస్సు లేనట్టే.

"బ్యాటరీ వైరు తీశావా నాయనా?" అంది చెయ్యి తుడుచుకుంటూ.

"తీశానక్కా."

లోపలికి పెట్టిన చెయ్యి వాచిన కణుపుల దగ్గర ఆగిపోయింది. మేస్త్రీ చూసేలోగా ఆమె దాన్ని బయటికి తీసి గ్రీజులో ముంచి, పళ్లు బిగపట్టి తోసింది. తోలు గీరుకుంది, కానీ వెళ్లింది. బోల్టు తగిలింది. మళ్లీ ఎక్కడ జారిపోతుందోనన్న భయంతో గుప్పెట్లో పెట్టి బిగించేసింది. వెనక్కి లాగితే రాలేదు.

గుప్పెట విప్పి బోల్టుని వేలికొసలకి తెచ్చుకుంటే చాలు. ఆ సంగతి ఆమెకి తెలుసు. విప్పబోయింది కూడా. అంతలో మేస్త్రీ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"నొప్పిగా ఉందా అక్కా?"

ఆ మాట ఎవరి నోటైనా విని ఎన్నాళ్లయిందో.

"కొంచెం" అంది. గుప్పెట విప్పలేదు.

చిటికెలో డిపో అంతా అక్కడ చేరింది. ఒకరు సబ్బునీళ్లు పోశారు. ఒకరు గోనెపట్టా మడిచి ఆమె మోకాళ్ల కింద పెట్టారు. ఎవరో టీ తెచ్చి చంటిపిల్లకి పట్టినట్టు నోటికి అందించారు.

"ఇన్నాళ్లకి నీ చెయ్యి పట్టుకున్నవాడు దొరికాడక్కా, ఇక వదలడు" అన్నాడు ఆ బస్సు డ్రైవరు, ఇంజను మీద తట్టి. అందరితో పాటు ఆమె కూడా నవ్వింది. ఈసారి నిజంగానే నవ్వొచ్చింది.

ఆ డ్రైవరే తమ్ముడికి ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టాడు. "మీ అక్క చెయ్యి ఇంజన్లో ఇరుక్కుంది."

"అయ్యో" అన్నాడు తమ్ముడు. "మీరంతా ఉన్నారుగా. చెయ్యి వచ్చాక చెప్పండి" అని పెట్టేశాడు.

అందరూ ఎటో చూశారు. ఆమె లోపల గుప్పెట ఇంకా బిగించింది.

మేస్త్రీ లేచాడు. "ఇక లాభం లేదు, గేర్‌బాక్సు దించండి. బస్సు పోతే పోయింది. అక్క చెయ్యి ముఖ్యం."

ఆ మాట ఆమెకి చాలు. నెమ్మదిగా గుప్పెట విప్పింది. చెయ్యి సబ్బు నురగతో జారి బయటికొచ్చింది, రెండు వేళ్ల కొసల మధ్య బోల్టుతో సహా. అందరూ చప్పట్లు కొట్టి ఎవరి పనికి వాళ్లు పోయారు.

దెబ్బ తగిలిందేమోనని మేస్త్రీ ఆమె అరచెయ్యి తిప్పి చూశాడు. నడిమధ్య బోల్టు మరలు ఎర్రగా, వరసగా అచ్చుపడి ఉన్నాయి. ఎంత గట్టిగా, ఎంతసేపు పట్టుకుంటే అలా పడతాయో అతనికి ఒకరు చెప్పాలా? ఆమె మొహం చూశాడు. ఆమె వేళ్లు తనే మెల్లగా మడిచి ఆ అచ్చు మీద మూసేశాడు.

"వెళ్లి చెయ్యి కడుక్కో అక్కా" అన్నాడు.

ఇంటికి వెళ్లేసరికి వంటగట్టు మీద కంచం ఉంది. ఆమె మూత తీస్తుండగా లోపలి గదిలోంచి టీవీ మాటల మధ్య తమ్ముడి గొంతు వినిపించింది.

"అక్కా, చెయ్యి వచ్చిందా?"

"వచ్చిందిరా" అంది.

అతను బయటికి వస్తాడేమోనని గుమ్మం వైపు చూసింది. తర్వాత కంచం ముందు కూర్చుని, ఖాళీ గుప్పెట బిగించి, కాసేపు అలాగే ఉంది.