పరస్కేవమ్మ కన్ను

తెల్లమట్టి.

తడిస్తే మీగడ. ఆరితే ఎముక.

ప్రెస్లావ్ కొండ కింద, మఠం వాళ్ళ పలకల బట్టీ దగ్గర, తిహాన ఆ మట్టిని తొక్కుతుంది. తొక్కుతూనే భయపడుతుంది. కీడెంచి మేలెంచమంటారు... తిహానకి కీడెంచడం వరకే వచ్చు.

ఇప్పుడు నిజంగానే కీడొచ్చి కూర్చుంది — కూతురు నెద కళ్ళల్లో. పల్చటి పొర. చల్లారిన పాల మీద కట్టినట్టు.

"గుళ్ళో పునీతురాలు పరస్కేవమ్మ బొమ్మ కంటి రంగు గోకి, ఆ పొడి నీళ్ళలో రంగరించి పాప కళ్ళల్లో పెట్టవే," అంది పొరుగింటి దొబ్ర. "మా అత్తకి చూపొచ్చింది. వచ్చిన మర్నాటి నించే నా వంటకి వంకలు!"

తిహాన పరిగెత్తింది. పాత గుడి గోడ మీద పునీతులందరూ గుడ్డివాళ్ళే. ఎందరు తల్లులు గోకారో... కళ్ళుండాల్సిన చోట గుంటలు.

కొత్త గుడికి గోడబొమ్మలుండవు. తిహాన వాళ్ళ బట్టీలో కాల్చే మట్టి పలకలు. పక్కపక్కన పేరిస్తే ఒక పరస్కేవమ్మ. కాలిన పలక మీద గోరు నిలవదు. గాజు మీదలా జారిపోతుంది.

కాలకముందైతే...

మధ్యాహ్నం అందరూ రొట్టెలు తినడానికెళ్ళారు. బట్టీ అరుగు మీద పరస్కేవమ్మ ముఖం ముక్కలుగా ఆరుతోంది. ఒక పలకలో పెదవులు. ఒక పలకలో — కన్ను.

"ఆ పూత సీసమమ్మా, ముట్టుకుంటే వేలు నాకకండి. గిన్నె కడిగిన నీళ్ళు తాగి కోళ్ళు చచ్చాయి," అని బొమ్మలేసే ప్రోఖోర్ తాత రోజూ అరుస్తాడు. రోజూ వింటుంది. రోజూ వణుకుతుంది.

ఆ పూట మాత్రం, ఆ భయాన్ని ఇంకో భయం మింగేసింది.

గోరు కింద చిటికెడు పొడి. ఆ రాత్రి నీళ్ళలో రంగరించి నెద కళ్ళల్లో వేసింది.

"మండుతోందమ్మా!"

"ఓర్చుకో తల్లీ. పరస్కేవమ్మ తాకితే అలాగే ఉంటుంది."

పలకలు కాలాయి, బట్టీ చల్లారింది. ప్రోఖోర్ తాత పలకలు పేర్చాడు. పెదవులు మెరిశాయి. ఎడమ కన్ను మెరిసింది. కుడి వైపు — వట్టి తెలుపు.

"ఈమె కన్ను ఎవరే తిన్నది?"

తాత చూపు ఒక్కొక్కరి చేతుల మీదుగా వచ్చి, రంగు ఇంకా వదలని తిహాన గోళ్ళ దగ్గర ఆగింది.

"గుళ్ళో దీవెన పడేదాకా అది ఉత్త సీసమే, పిచ్చిదానా..."

మెల్లగా అన్నాడు. అరిచినా బాగుండేది.

ఇంటికి పరిగెత్తింది. దారంతా ఎండ. కొమ్మల నిండా ఎర్రటి చెర్రీలు. నెద గడప మీద కూర్చుని, ఆకాశం కింద అరచేతులు చాపింది.

"అమ్మా... అంతా తెల్లగా ఉంది. మంచు పడుతోందా?"

పొర ముదిరిందా? పొడి చూపుని తినేసిందా? ఎవరిని అడగాలి, ఏ నోటితో అడగాలి?

"పడుతోంది తల్లీ," అంది తిహాన.

పాదాల మీద మట్టి ఆరుతోంది.

తెల్లగా. ఎముకలా.