సాయి ఆగడు

"ఏందీ మేడం, మీ పోరడు గటు పోతుండు! అది మిలిటరీ జాగా!"

కొబ్బరిబోండాల బండి అతను అరిచేసరికి ఝాన్సీలక్ష్మి గిరుక్కున అటు తిరిగింది. నేరేడ్‌మెట్ రోడ్డు పక్కన తాను రాళ్లతో పేర్చిన బాణం గుర్తు కాలనీ వైపు చూపించాలి. ఏ ట్యాంకరు చక్రం తగిలిందో, అది సైన్యం గేటు వైపు తిరిగి ఉంది. దాన్నే నమ్మి సాయి తెరిచి ఉన్న గేటు దాటేశాడు.

సాయికి పదమూడేళ్లు. చదువు నెమ్మది, మాట ఇంకా నెమ్మది. అలాంటి పిల్లల కోసమే ఆమె నడుపుతున్న స్కౌట్ దళంలో, గుర్తులు పట్టుకుని ఒంటరిగా నడిచే పరీక్షకు దిగిన మొదటివాడు. 'ఎవరు పిలిచినా ఆగకు. నేను పిలిచినా సరే. దారి అయిపోయిందనే గుర్తు కనిపిస్తేనే ఆగు' అని పొద్దున ఆమే నూరిపోసింది.

గేటు దగ్గరికి పరుగెత్తింది. "సాయీ! ఆగు నాన్నా!"

వాడు వెనక్కి తిరగలేదు. "నాకు తెలుసులెండి టీచర్! మీరు పిలిచినా ఆగకూడదు!"

ఎదురుగా ఇసుక బస్తాల వెనక నుంచి కాపలా జవాను లేచాడు. "థమ్! కౌన్ హై?" అంటూ ఆగమని గద్దించాడు.

రైఫిల్ భుజానికి ఆనించి గురిపెట్టాడు. సాయి వీపున సంచి బరువుగా ఊగుతోంది. అందులో నీళ్లసీసా, మరమరాలు తప్ప ఏమీ లేవని జవానుకెలా తెలుస్తుంది? ఆమె అడుగు వేస్తే తుపాకి ఇటు, సాయి అడుగు వేస్తే అటు తిరుగుతోంది.

"పరీక్ష రద్దురా సాయీ!"

"ఉహూఁ. మోసం చేస్తున్నారు టీచర్."

ఇక వాణ్ని ఆపేది దారి అయిపోయిందనే ఆ గుర్తొక్కటే. మట్టిలో ఒక సున్నా, మధ్యలో చుక్క. ఝాన్సీలక్ష్మి రెండు చేతులూ పైకెత్తి జవానుతో హిందీలో మొత్తుకుంది. "భాయ్‌సాబ్, స్కౌట్ బచ్చా హై! జమీన్ పర్ గోల్ బనాయియే! బీచ్ మే ఏక్ బిందీ!"

జవాను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. సాయి దగ్గరికొచ్చేస్తున్నాడు.

తుపాకి దించకుండానే జవాను బూటుకాలితో మట్టిలో గుండ్రంగా గీశాడు. మడమతో మధ్యలో ఒక్క పొడుపు పొడిచి వెనక్కి జరిగాడు.

సాయి వంగి చూశాడు. ఠక్కున ఆగి, మూడు వేళ్లతో సెల్యూట్ కొట్టాడు. రైఫిల్ మెల్లగా కిందికి దిగింది.

ఝాన్సీలక్ష్మి పరుగున వెళ్లి వాణ్ని దగ్గరికి లాక్కుంది.

"ఎంత పిలిచినా ఆగలేదు. పాసేనా టీచర్?"

"పాసేరా," అంది వెక్కుతూ.

"మరి ఏడుస్తారెందుకు?" సాయికి అర్థం కాలేదు. "వేరేవాళ్లెవరన్నా ఫెయిలయ్యారా?"