చిన్నది అనలేని మాట

అక్కచెల్లెళ్లిద్దరూ కలిసి నడిపిన టైలరింగ్ షాపు చెల్లెలి మతిమరుపు వల్ల కాలిపోయింది. చెల్లెలికి నలభై దాటినా ఇంట్లో ఆమె పేరు చిన్నదే. ఆ రోజు ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపకుండా భోజనానికి ఇంటికి వెళ్లింది. పొగ చూసి పరుగెత్తిన అక్క, కుట్టడానికి ఇచ్చినవాళ్ల బట్టలు బయటికి లాగబోయి రెండు చేతులూ కాల్చుకుంది. ప్రాణం దక్కింది గానీ వేళ్లు ముడుచుకుపోయాయి. సూదిలో దారం ఎక్కించడం మాట అటుంచి, చెంచా పట్టుకోవడమే గగనమైంది.

అక్క పల్లెత్తు మాట అనలేదు. చిన్నదానికి అదే భరించరానిదైంది. తిడితే బాగుండు, నాలుగు తగిలించినా బాగుండు అనుకునేది. అక్కకు జడ వేస్తూ, బొత్తాలు పెడుతూ, లోపల తనను తాను తిట్టుకునేది. పగవాడు కూడా అలాంటి తిట్లు తిట్టడు. నువ్వు లేకపోతే వీళ్లు సుఖపడతారు అన్నది వాటిలో ఆఖరిది. వానలు మొదలైన కొత్తలో ఒకరోజు ఆ మాట నమ్మేసింది. బావ సమయానికి రాబట్టి ఆస్పత్రిలో కళ్లు తెరిచింది. తెరిచినందుకు ఏడ్చింది.

ఆ తర్వాత వారానికోసారి కౌన్సెలర్ దగ్గరికి రమ్మన్నారు. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకోమనేది. కష్టంలో ఉన్న అయినవాళ్లతో ఎలా మాట్లాడతారో మీతో మీరూ అలాగే మాట్లాడుకోండి అనేది. చిన్నది చెయ్యి వేసుకునేది. నోరు మాత్రం పెగిలేది కాదు.

"దొంగ మెడలో దండ వేసినట్టుంది మేడం," అంది ఒకసారి.

కౌన్సెలర్ నవ్వలేదు. "అయితే దండ వద్దులెండి. తిట్లు మాత్రం కాసేపు ఆపి చూడండి," అంది.

ఇంట్లో ఓ మధ్యాహ్నం చిన్నది కళ్లు మూసుకుని ఆ అభ్యాసమే చేస్తుంటే అక్క చూసింది. ఏం చేస్తున్నావని అడిగితే సిగ్గుపడుతూ చెప్పింది. అక్క పక్కన కూర్చుంది.

"ఆ స్విచ్చి నేను మర్చిపోయి, నీ చేతులు కాలుంటే నన్నేమనేదానివే?"

"ఏమంటాను? మనిషన్నాక మర్చిపోమా అనేదాన్ని. లేచి ఇంత తిను అనేదాన్ని."

"అదే నీకు నువ్వు చెప్పుకో."

"మనిషన్నాక" వరకూ వచ్చి ఆగింది. మిగతాది రాలేదు. అక్క తన చేతిని చెల్లెలి చేతి మీద పెట్టింది. ముడుచుకుపోయిన ఆ వేళ్లు కంటబడగానే తిట్లన్నీ గుంపుగా వచ్చిపడ్డాయి. ఇదివరకైతే చిన్నది వాటిని దిగమింగుకుని వంటింట్లోకి పోయేది. ఆ రోజు మింగలేదు.

"అక్కా, ఆ ఆలోచన మళ్లీ వస్తోంది. పొద్దుట్నుంచీ ఉంది. నన్ను ఒంటరిగా వదలకు."

అక్క అరవలేదు. ఎందుకలా అని అడగనూ లేదు. బావను కేకేసి కౌన్సెలర్‌కి ఫోన్ చెయ్యమంది. చెల్లెలి చెప్పులు వెతికి, కాలితో ఆమె ముందుకు జరిపింది. ముగ్గురూ కలిసి ఆస్పత్రికి వెళ్లారు. డాక్టరు మందులు మార్చి, కొన్నాళ్లు అక్కడే ఉండమన్నాడు. సాయంత్రం బావ అక్కకు రొట్టె తుంచి నోట్లో పెడుతుంటే చిన్నది చూడలేక గోడవైపు తిరిగింది.

ఇంటికొచ్చాక కూడా దుఃఖం తగ్గిందని చెప్పలేం. అక్క చేతులు బాగుపడలేదు, బాగుపడవు కూడా. ఆ ఆలోచన ఇంకా వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా చిన్నది ఎవరో ఒకరికి చెబుతోంది.