కంటికి ఆనని రాయి

ఆ ఉదయం ఆకాశం మసిబారిన మూకుడులా ఉంది. గుమ్మటం చక్రాలకు నూనె వేస్తూ అతను మాటిమాటికీ తల పైకెత్తాడు. సాయంత్రం దాకా మబ్బు విడవకపోతే బాగుండును.

చుక్కల్ని పరిశీలించే ఆ వేధశాలలో అతన్ని అందరూ నూనెడబ్బా అంటారు. గుమ్మటం తిప్పుతాడు, అద్దాలు తుడుస్తాడు. గోళ్ళ సందున నల్లటి జిడ్డున్నా గాజు మీద ఏనాడూ వేలిముద్ర పడనివ్వలేదు. గురుగ్రహానికి ఇవతల తిరిగే చిన్న గ్రహశకలాన్ని కనిపెట్టిన మేడమ్, దానికి అతని పేరు పెట్టించారు. ఆ మాట ఇంట్లో చెప్పగానే భార్య, "ఏదీ, చూపించండి" అంది. అది కంటికి ఆనదని చెప్పడానికి నోరు రాక, పడమట వెలుగుతున్న శుక్రుణ్ణి చూపించాడు. శుక్రుడు నెలల తరబడి కనపడనప్పుడు, "మీ చుక్క సెలవు పెట్టిందా?" అని ఆమె నవ్వేది.

ఇవాళ్టితో మేడమ్ ఉద్యోగం చాలించి ఊరు వదిలి వెళ్ళిపోతున్నారు. దారిలో అతని ఇంట్లో ఓ ముద్ద తిని వెళ్తానన్నారు.

సాయంత్రానికి మబ్బు విడవలేదు. అయినా భార్య ఊరుకుంటుందా? మేడమ్ వచ్చి కూర్చోగానే మొదలుపెట్టింది.

"మబ్బు లేకపోతే మీకూ చూపించేదాన్ని మేడమ్‌గారూ. దీపాల వేళకి మా పెరటిగోడ మీదకొచ్చి కూర్చుంటుందండీ ఈయన చుక్క. పక్కింటావిడకి ఒకటే కుళ్ళు."

మేడమ్ అతని వైపు చూశారు. అతను గోళ్ళు గీరుకుంటున్నాడు. సంచిలోంచి ఏదో సగం బయటికి తీసిన ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏంటండీ అది, మాకేనా?" అంటూ భార్య చెయ్యి చాచింది.

గాజుపలక. దాని మీద ఆకాశం ఫోటో, నిండా నల్లటి చుక్కలు. ఒక మూల ఎర్రసిరా సున్నాలో వెంట్రుక ముక్కంత గీత. కూర కలిపిన చేత్తోనే ఆమె దాన్ని దీపానికి ఎత్తి పట్టింది.

"ఇదా?"

"అదేనమ్మా. పెద్ద దుర్భిణితో చూస్తే తప్ప కనపడదు."

అతనికి తల కొట్టేసినట్టయింది. భార్య కోప్పడలేదు.

"వీధి వీధంతా పిలిచి చూపించానే" అంది మెల్లగా. పలకను కిటికీకి ఆనించి, "రండి, చల్లారిపోతోంది" అంది.

ముగ్గురూ తల ఎత్తకుండా తిన్నారు. ఎప్పట్లాగే అడగకుండానే అతనికి మారు వడ్డించింది. అతను దాన్ని కంచం అంచుకి తోసుకున్నాడు. వీధిలో కారు హారన్ మోగితే మేడమ్ చెయ్యి కడుక్కుని, అతని భుజం ఒకసారి తట్టి వెళ్ళిపోయారు. వాళ్ళిద్దరూ మళ్ళీ కంచాల ముందు కూర్చున్నారు.

కిటికీలో గాజుపలక మీద ఆమె బొటనవేలి జిడ్డుముద్ర ఎర్రసున్నాను సగం కప్పేసింది. దాన్ని తుడవడానికి అతను లేవలేదు.