తిరగేసిన బాణం

"ఫీజేమీ వద్దు, వచ్చెయ్యి" అని ఓడ పరీక్షలకు పాఠాలు చెప్పే కెప్టెన్ జయచంద్ర ఫోన్ చేసినప్పుడే మునిచంద్రకు అనుమానం రావలసింది. రాలేదు. పైహోదా పరీక్షలో, సముద్ర పటం మీద లెక్కలు గీసే చార్టు పేపరు అప్పటికే రెండుసార్లు పోయింది. మూడోసారీ పోతే ఓడ ఉద్యోగం మరిచిపోవాల్సిందే. చిత్తూరులో బస్సెక్కి, తిరుపతిలో దిగి, తిన్నగా ఆయన మేడగదికి వెళ్లాడు.

బల్ల నిండా బంగాళాఖాతం చార్టు. కిటికీ పక్కన ఒక పెద్దావిడ కరివేపాకు దూస్తోంది.

"మా అక్క దేవకమ్మ, నగరి నుంచి వచ్చిండాది. నువ్వు లెక్క సూడప్పా."

లెక్క సులువే. దిశనూ వేగాన్నీ బట్టి ఓడ ఒకచోట ఉండాలి. నిజానికి మరోచోట తేలింది. ఉండాల్సిన చోటు నుంచి ఉన్న చోటికి బాణం గీస్తే, నీళ్లు ఎటు లాగుతున్నాయో తెలుస్తుంది.

అంకెలు చదవగానే మునిచంద్ర పెన్సిల్ ఆగిపోయింది. అవి నాలుగేళ్ల కిందటి తన ఓడవే.

ఆ రోజు ఓడకు రంగు వేస్తూ నావికుడు గిరిప్రసాద్ సముద్రంలో పడిపోయాడు. భోజనాల వేళ దాకా ఎవరూ గమనించలేదు. ఓడ వెనక్కి తిరిగింది. అతడు ఎటు కొట్టుకుపోయాడో బాణం గీసి చెప్పింది మునిచంద్రే. కంగారులో తిరగేసి గీశాడు. మూడింటికి ఓడ ఈశాన్యంలో వెతికింది. మర్నాడు చేపల పడవకు శవం నైరుతిలో దొరికింది, ఒంటి మీద లైఫ్ జాకెట్‌తో. విచారణకు ముందే మునిచంద్ర ఆ బాణాన్ని చెరిపేశాడు.

"చెరిపినా గాడి పోదప్పా," అన్నాడు జయచంద్ర, ఆ ఓడలోని పాత చార్టునే పరుస్తూ. "గిరి మా అక్క కొడుకు. గియ్యి."

గీశాడు. ఈసారి బాణం నైరుతికే తిరిగింది.

"ఇప్పుడొచ్చిందే విద్య. మూడింటికి మావాడు యాడుంటాడు? సుక్క పెట్టు. మీరు యాడ ఎతికినారు? ఆడా ఒకటి పెట్టు."

రెండు చుక్కలకీ మధ్య ఎనిమిది మైళ్లు.

దేవకమ్మ తలెత్తింది. "అంత దూరంలోని ఓడ నీళ్లలో ఉండే వానికి కనపడతాదా, నాయనా?"

"కనపడదమ్మా" అనే మాట నోటిదాకా వచ్చింది.

"లెక్కగట్టి చెప్పప్పా," అన్నాడు జయచంద్ర, పాత చార్టు మీద గోటితో గీరుతూ. "తప్పు చెప్తే ఇది రేపే విచారణోళ్లకు పోతాది."

మునిచంద్ర ఒక్క క్షణం ఆలోచించాడు. ఉద్యోగం గురించే.

"కనపడతాదమ్మా. ఓడ మీదోళ్లకు వాని తల కనపడదు. వానికి మాత్రం ఓడ బాగా కనపడతాది. అది తిరిగి పొయ్యేదాకా."

"ఇనుకున్నావా అక్కా?" అన్నాడు జయచంద్ర. గెలిచినవాడి గొంతు.

దేవకమ్మ మునిచంద్ర వైపు చూడనే లేదు.

"పడతానే పాణం పొయ్యింటాదిలే అనుకోని, ఇన్నేండ్లు ఇంత ముద్ద తింటా ఉన్నాను గదరా జయా," అంది తమ్ముడితో.