తిరుమల ఎవరిని చూసి నవ్వింది

నాకు అనుమానం ఎక్కువని మా డిపోలో అందరూ అంటారు. అంటే అననీ. అనుమానం లేనివాడు కండక్టరు సంచి మెడలో వేసుకోకూడదు. అన్న పాసు పట్టుకొచ్చిన తమ్ముడు దాన్ని చూపించేటప్పుడు ఫోటో మీద బొటనవేలు పెడతాడు. దిగాల్సిన ఊరు దాటినా దిగనివాడు నిద్ర నటిస్తాడు, రెప్పల కింద గుడ్లు మాత్రం కదులుతుంటాయి. నాకు మొహం చూస్తే చాలు. అలాంటి నాకు చివరికి నా పెళ్ళాం తిరుమల మొహమే అంతుపట్టలేదు.

మా గల్లీ చివర వెస్లీ అనే పిల్లాడున్నాడు. పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు. వాళ్ళమ్మ రెబెకా మెథడిస్టు చర్చిలో పాటలు పాడుతుంది, నన్ను తమ్మీ అని పిలుస్తుంది. పోయిన ఎండాకాలం వెస్లీ వచ్చి మా ఇంటి గడపలో నిలబడ్డాడు.

"అన్నా, చిన్న సినిమా తీస్తున్న. మీ ఇల్లు ఒక్క దినం ఇయ్యున్రి. గూనపెంకల ఇల్లు, నడుమ వాకిలి, ఇసొంటిది కరీంనగర్ల ఇంకోటి దొరుకుతలేదు."

"ఏం సినిమారా?"

"కల అసొంటిది అన్నా. చెప్పరాదు, చూడాలె."

చెప్పరాదు అన్నప్పుడే నాకు అనుమానం రావలసింది. ఎందుకో రాలేదు. చెప్పులతో లోపలికి రావద్దు, దేవుని అర్ర తెరవద్దు, నా మంచం జరపొద్దు అని చెప్పి ఒప్పుకున్నాను. ఆ రోజు నాకు హుస్నాబాద్ డ్యూటీ. సాయంత్రం వచ్చేసరికి ఇల్లు ఊడ్చి ఉంది, తిరుమల చాయ్ పెడుతోంది.

"అయిందా వాళ్ళది?" అన్నాను.

"అయింది" అంది.

తర్వాత మామూలుగా నా ప్రశ్నలు నేను అడిగాను. ఇంటికి రాగానే ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, నేను చేసినప్పుడు ఫోను ఎందుకు బిజీ వచ్చింది, పాలు ఎందుకు తగ్గాయి అని అడగడం నాకు అలవాటు. అది కోపం కాదు. ఇల్లన్నాక ఒకరు చూసుకోవాలి కదా. ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది, నేను చాయ్ తాగాను, ఆ సంగతి మరిచిపోయాను.

వానలు మొదలయ్యాక ఒక రోజు హుస్నాబాద్ బస్టాండ్లో బస్సు ఆపుకుని కూర్చున్నాం. మా డ్రైవర్ అంతయ్య ఫోను చూస్తూ చూస్తూ ఒక్కసారి నా మోకాలు తట్టాడు.

"సాంబన్నా, గీమె మా వదిన లెక్క లేదూ?"

లెక్క ఏమిటి, వాళ్ళ వదినే, నా పెళ్ళామే. అది వెస్లీ మా ఇంట్లో తీసిన సినిమా, పేరు 'లోపలర్ర'. పావుగంట ఉంటుంది. తెల్లచీర కట్టుకున్న తిరుమల మా ఇంటి తలుపు తీస్తుంది. లోపలి అర్రలోకి పోతే అక్కడ మళ్ళీ మా ఇంటి తలుపే ఉంటుంది. అది తీస్తే మళ్ళీ అదే. కొయ్యకు నా ఖాకీ అంగీ వేలాడుతుంటుంది, దాని చేతుల్లోంచి నీళ్ళు కారుతుంటాయి. బియ్యం డబ్బాలో ఫోను మోగుతుంటుంది, ఎవరూ ఎత్తరు. నా మంచం మీద మేక పడుకుని నెమరు వేస్తుంటుంది. మంచం జరపొద్దన్నాను గానీ మేకను ఎక్కించొద్దని కూడా చెప్పాలని నాకేం తెలుసు? ఎక్కడినుంచో ఒక గొంతు 'ఆయన ఎటు పోయిండు' అని అడుగుతుంది. జవాబు రాదు. చివరికి తిరుమల వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. కెమెరా వైపు కాకుండా దానికి ఎడమ పక్కకు చూస్తుంది. చూసి నవ్వుతుంది. దాంతో సినిమా అయిపోతుంది.

ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. మా పెళ్ళిలో చూడలేదు, మా బిడ్డ దీపిక పుట్టినప్పుడు కూడా చూడలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా, పండ్లన్నీ కనబడేటట్టు, తల వెనక్కి వేసి నవ్వింది.

"ఇండ్ల సమజ్ గాకపోతానికి ఏమున్నది?" అన్నాడు అంతయ్య, ఎవరూ అడగకుండానే. "తెల్లచీర చూసినవా? మొగడు సచ్చిండు. అంగీ కొయ్యకున్నది, మనిషి లేడు. అంగీ ఎవలిది?"

"నాదే."

"ఇగ జూస్కో."

"మరి మేక ఏందిరా?"

"అదే కదనే అసలు ముచ్చట. బాణామతి. మొగున్ని మేకను జేసి మంచమెక్కిచ్చింది."

"ఇంతకు మొగడు సచ్చిండా, మేకయిండా?"

"రెండిట్ల ఏదైనా నీకు మంచిది గాదే సాంబన్నా."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు నిండా ఆడవాళ్ళే, ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి అందరికీ జీరో టికెట్లు. ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూసి, మొహం చూసి టికెట్ ఇస్తుంటే ఒకటే ఆలోచన. ఈమె ఇంట్లో ఏం అనుకుంటుందో ఈమె మొగుడికి తెలుసా?

తిరుమలను నేరుగా అడగలేదు. చెకింగ్ చేసేవాడు ముందు చెప్పి రాడు. అడిగితే జవాబు తయారు చేసుకుంటుంది. అందుకని కనిపెట్టి చూడడం మొదలుపెట్టాను. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి వెతికాను. ఖాకీ అంగీ జేబులు తిరగేశాను. నా మంచం మీద దుప్పటి వాసన చూశాను, మేక వాసన లేదు. అన్నానికి కూర్చున్నప్పుడు "నువ్వు మొదలు తిను" అన్నాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "జరం గిన వచ్చిందా?" అంది. తర్వాత నా కంచంలోంచే ఒక ముద్ద తిని, కంచం నా ముందుకు తోసింది. ఆమె మొహంలో ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మీకు నవ్వులాటగా ఉండవచ్చు. దీపిక హైదరాబాద్ హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఇంట్లో మేమిద్దరమే. ఆ ఇద్దరిలో ఒకరికి రెండోవాళ్ళు లేకుంటే బాగుండునని ఉంటే ఇక సంసారం ఎక్కడిది? పొద్దున్నే ఆమె పెట్టిన చాయ్ తాగి డ్యూటీకి పోవాలి కదా. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ భూతం నాతోపాటు బస్సెక్కి హుస్నాబాద్ పోయి వచ్చేది.

సెలవు రోజున వెస్లీ ఇంటికి పోయాను. వాడు కొండగట్టు దగ్గర పెళ్ళికి పోయాడట, కాసేపట్లో వస్తాడట. రెబెకా కుర్చీ వేసింది. నేను అటు తిప్పి ఇటు తిప్పి తెల్లచీర దగ్గరికి వచ్చాను.

"గా చీరనా? నాదే తమ్మీ" అని ఆమె సంబరంగా లేచి పెట్టెలోంచి చీర తీసింది. డాంబర్ గోళీల వాసన గుప్పుమంది. "నా పెండ్లి చీర. మా చర్చిల పెండ్లిపిల్ల తెల్లదే కడ్తది. తిరుమలకు ఎంత మంచిగ ఒప్పిందో!"

ఒక్క నిమిషం ప్రాణం లేచి వచ్చింది. నేను చావలేదు. నా పెళ్ళాం నన్ను చంపుకోలేదు. అంతయ్యగాడికి మా ముండమోసినవాళ్ళ తెల్లచీర తప్ప ఇంకో తెల్లచీర తెలియదు, అదే వాడి తప్పు. మరు నిమిషంలో గుండె మళ్ళీ జారింది. అది పెళ్ళికూతురు చీర అయితే పెళ్ళికొడుకెవడు? తిరుమల ఎవడికోసం తలుపుల మీద తలుపులు తీసుకుంటూ పోయింది? దీనికంటే నేను చచ్చిపోయి ఉంటేనే మర్యాదగా ఉండేది. చచ్చినవాడికి కనీసం ఫోటోకు దండ వేస్తారు.

అంతలో వెస్లీ కెమెరా సంచి మోసుకుంటూ వచ్చాడు. వాణ్ణి కూర్చోనివ్వలేదు.

"సినిమాల మగమనిషి ఎవడ్రా?"

"ఎవడు లేడన్నా."

"పెండ్లిపిల్ల ఉండి పెండ్లికొడుకు లేకపోవుడు ఏందిరా?"

"గదే మిస్టరీ అన్నా."

"మేక?"

"మేక మేకనే అన్నా. షూటింగ్ అప్పుడు అదే లోపలికొచ్చి మంచమెక్కి పండుకున్నది. దించబుద్ధి గాలే, తీసిన."

"తిరుమలతోని ఎందుకు చేయించినవ్?"

వెస్లీ తల గోక్కున్నాడు. "వరంగల్ నుంచి రావాల్సిన పిల్ల రాలే. నేను పరేషాన్ల ఉన్న. వదిననే వచ్చి, నేను నిలబడ్తరా అన్నది."

ఆమెనే అడిగిందట! ఫోటో దిగమంటే పక్కకు తిరిగే మనిషి, తనంతట తానే వచ్చి నిలబడిందట. అసలు ప్రశ్న అప్పుడు అడిగాను.

"ఆఖర్న నవ్వింది కదా. ఎడమదిక్కు ఎవలున్నరు?"

"ఎడమదిక్కా? మా అవ్వ, గీమెనే, మొహం మీద వెలుగు పడెతందుకు తెల్ల అట్ట పట్టుకొని కుడిదిక్కు ఉండె. ఎడమదిక్కు గోడనే అన్నా."

"గోడను చూసి నవ్వుతరారా ఎవలన్న?"

"నాకూ తెల్వదన్నా. నేను ఏడ్వుమన్న, ఆమె నవ్వింది. మళ్ళ తీసినం, మళ్ళ గట్లనే. ఇగ గదే పెట్టిన. చూసినోళ్ళందరు ఆమె ఎందుకు నవ్విందని నన్నడుగుతున్నరు. నాకు తెలిస్తే కదా."

వాడు అబద్ధం చెప్పడం లేదు. వాడి మొహం నాకు తెలుసు, అరువు తెచ్చుకున్న పాసు మొహం కాదది. కానీ రెబెకా చీర మడత పెడుతూ తల ఎత్తలేదు. పెట్టిన మడతే మళ్ళీ పెడుతోంది.

"అక్కా, నీకెర్కనా?" అన్నాను.

"నన్నెందుకు తమ్మీ, తిరుమలనే అడుగు" అని పెట్టె మూసేసింది.

కోపంతో ఇంటికి వచ్చాను. గోడట, గోడ! ఎవడో ఉన్నాడు. రెబెకాకు తెలుసు, దాస్తోంది. ఆ పేరు తెలిస్తే వాణ్ణి నలుగురిలో నిలబెట్టి అడగాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. తిరుమల వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను ఫోను తీసి, ఆ నవ్వు దగ్గర ఆపి ఆమె మొహం ముందు పెట్టాను.

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది. బెదరలేదు. చాలాసేపు చూసింది.

"మంచిగ వడ్డది" అంది.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అయిందా అన్నవ్. అయింది అన్న."

"వంకర మాటలు మాట్లాడకు. ఎవలను చూసి నవ్వినవ్? ఆడ ఎవలున్నరు?"

"ఎవలు లేకుండె."

"గోడను చూసి నవ్వినవా?"

తిరుమల ఫోను నాకు తిరిగి ఇచ్చి, చిక్కుడుకాయ ఒకటి తీసుకుంది. తుంచలేదు, చేతిలోనే పట్టుకుంది.

"గా పిల్లగాడు ఏడ్వుమన్నడు. ఎట్ల ఏడ్వాలెరా అంటే చెప్పిండు. ఇగ గీ ఇంటికి ఎవలు రారు వదినా, తలుపు కొట్టెటోళ్ళు లేరు, ఏడికి పోయినవ్, ఎవలొచ్చిండ్రు అని అడిగెటోళ్ళు లేరు, నువ్వొక్కదానివే, గట్ల అనుకొని ఏడ్వు అన్నడు." చిక్కుడుకాయను వేళ్ళ మధ్య తిప్పింది. "అనుకున్న. ఎంత అనుకున్నా ఏడుపు రాలే. నవ్వొచ్చింది. మళ్ళ అనుకొమ్మన్నడు, మళ్ళ నవ్వొచ్చింది. రెబెకక్క నా దిక్కు అదోతీరుగ చూసింది. నాకే సిగ్గయింది."

ఆమె గొంతులో కోపం లేదు. ఎత్తిపొడుపు లేదు. అడిగినదానికి ఎప్పటిలాగే జవాబు చెప్పింది. చెప్పి, చిక్కుడుకాయ తుంచి గిన్నెలో వేసి, "అన్నం పెట్టాల్నా?" అని లేచింది.

నేను వాకిట్లోనే నిలబడ్డాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఎవడైనా ఉండి ఉంటే ఎంత బాగుండేది! పోయి వాడి కాలరు పట్టుకునేవాణ్ణి.