ఒకటో నంబరు సభ్యుడి బీపీ

కుడిచేతిలో ఫోను, ఎడమచేతిలో తేదీ స్టాంపు. డాక్టర్ ఫసీల చెప్పింది వినగానే ఓమన చేతిలోంచి స్టాంపు జారి నేలమీద పడింది.

"ఓమన చేచీ, మీ లైబ్రరీలో ఒకటో నంబరు సభ్యుణ్ణి ఇప్పుడే పడవెక్కించి పంపించండి. ఇంకా బతికుంటే."

పుత్తన్‌తురుత్తు లంకలోని గ్రంథశాలలో ఒకటో నంబరు కుంజుపిళ్ళ మాష్‌ది. కొబ్బరాకుల పాకలో నలభై పుస్తకాలతో దీన్ని మొదలెట్టిన పంతులుగారు ఆయన. పోయి పన్నెండేళ్ళయింది. గౌరవం కొద్దీ ఆయన కార్డు ఎవరూ కొట్టెయ్యలేదు. ఫోటో మాత్రం గోడమీదే ఉంది, దండతో సహా.

"ఆయన పోయారండీ," అంది ఓమన.

"అయ్యో. ఎప్పుడు?"

"పన్నెండేళ్ళయింది."

"మొన్న శుక్రవారం ఆయన బీపీ రెండువందల నాలుగు ఉంది, చేచీ."

ఓమన ఫోటో వైపు చూసింది. మాష్ ఎప్పట్లాగే చిరాగ్గా ఉన్నాడు. ఫోను స్పీకర్లో సంగతి విని, పేపరు చదువుతున్న గ్రంథశాల ప్రెసిడెంటు తంకప్పన్ కళ్ళజోడు తీశాడు. బతికున్నన్నాళ్ళూ మాష్‌కి కమిటీ మీటింగుల్లోనే బీపీ పెరిగేదనీ, పైన కూడా కమిటీ వేసినట్టున్నారనీ అన్నాడు. పుస్తకం తిరిగివ్వడానికి వచ్చిన ఏలియమ్మ బోసినోటితో నవ్వింది. ఓమనా నవ్వబోయింది. సగంలో ఆగిపోయింది.

పంతొమ్మిదేళ్ళుగా ఓమన చిన్న పడవలో పుస్తకాల సంచి పెట్టుకుని, తెడ్డు వేసుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతోంది. నాలుగు నెలల కిందట పంచాయతీవాళ్ళు ఆ సంచిలోకి ఒక టాబ్లెట్, బీపీ మిషను చేర్చారు. ఆడవాళ్ళకి ఆరోగ్యం వీడియోలు చూపించాలి, బీపీ చూడాలి, లెక్కలు ఆస్పత్రికి పోతాయి. మిషను పట్టీ చేతిమీద బిగుసుకుంటుందంటే అందరికీ భయం. అందుకని ప్రతి ఇంట్లోనూ ముందు తన చేతికే పట్టీ చుట్టుకుని చూపించేది. సభ్యత్వ నంబరు కొట్టందే టాబ్లెట్ కదలదు. జీతానికి పనిచేసేదానికి కార్డెందుకని ఆమెకి ఎవరూ ఇవ్వలేదు, ఆమె అడగలేదు. చచ్చినాయన అభ్యంతరం చెప్పడు కదా అని ఒకటో నంబరు కొట్టేది.

ఆ మొదటి అంకె ఎప్పుడూ భయంకరంగానే వచ్చేది. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళవి బాగానే ఉండేవి. మిషను వేడెక్కాలి, పడవ ఇంజను మాత్రం మొదటి లాగుడుకే అంటుకుంటుందా అని అందరికీ చెప్పింది. అందరూ నమ్మారు. అందరికంటే ముందు తనే నమ్మింది.

టాబ్లెట్ రాకముందే వరదకి పోయిన ఇంటర్నెట్ నిన్ననే వచ్చింది. నాలుగు నెలల అంకెలన్నీ ఒక్కసారిగా డాక్టర్ ముందుకెళ్ళాయి.

"అది ఆయన చెయ్యి కాదండీ," అంది ఓమన.

"మరెవరిది?"

ఏలియమ్మ నవ్వు ఆపేసింది. "ఓమనా, ప్రతిసారీ ముందు పట్టీ చుట్టుకునేది నువ్వేగదే."

తంకప్పన్ లేచి సంచిలోంచి మిషను తీశాడు. "వేడెక్కాలన్నావుగా. ముందు నాకు పెట్టు."

నూట ఇరవై ఎనిమిది. తర్వాత ఓమనకి. రెండువందల ఎనిమిది. ఏలియమ్మకి నూట నలభై. మళ్ళీ ఓమనకి. రెండువందల పది.

ఇక ఎవరూ మిషన్ని ఏమీ అనలేదు.

మధ్యాహ్నం పద్నాలుగు ఇళ్ళకి పుస్తకాలు ఇవ్వాలనీ, రేపొస్తాననీ ఓమన ఫోన్లో గొణిగింది. డాక్టర్ వినిపించుకోలేదు. తెల్లారి లేవగానే తలనొప్పి వస్తోందా అని అడిగింది. ఎండలో తెడ్డు వేస్తాను కదా అంది ఓమన. చూపు మసకబారుతోందా? కళ్ళజోడు మార్చాలి. మూడో ప్రశ్నేమిటో డాక్టర్ అడగకముందే ఓమనకి తెలుసు. పక్షవాతం గురించిన ఆ వీడియో అరవై ఇళ్ళలో చూపించింది తనే.

"చేతికి పట్టు తప్పుతోందా?"

ఓమన నేలమీదున్న స్టాంపు వైపు చూసింది. వంగి తియ్యడానికి ధైర్యం చాల్లేదు.

ఇంజను పడవలో ఆమెని మధ్యన కూర్చోబెట్టారు. పెద్దాస్పత్రిలో పాత అంకెలన్నీ కనబడాలంటే వాటిని ఆమె పేరు మీదికి మార్చాలనీ, దానికి నంబరు కావాలనీ డాక్టర్ చెప్పింది. కాలవ మధ్యలో తంకప్పన్ సభ్యత్వం ఫారం నింపాడు. నంబరు దగ్గర ఆరువందల పన్నెండు అని రాసి, సంతకం పెట్టమని పెన్నూ కాగితమూ ఆమెకి ఇచ్చాడు.

కుడిచేత్తో పెన్ను పట్టుకుని, ఎడమచేత్తో కాగితం అదిమిపెట్టబోయింది ఓమన. వేళ్ళు కదల్లేదు. కాగితం గాలికి లేచింది.

ఏలియమ్మ దాన్ని తన ఒళ్ళో పరిచి, రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"ఊఁ, పెట్టు," అంది.